పైన గది లేని మెట్లు

ఆ కాలేజీ సీరియల్‌ని కళ్ళకద్దుకుని చూసేవాళ్ళకు కూడా తెలియని సంగతులు చాలా ఉన్నాయి. లైబ్రరీలో బారులు తీరిన పుస్తకాలు రంగు పూసిన అట్టపెట్టెలు. హీరోయిన్ మీద కురిసే వాన తోటమాలి పైపులోది. ఏళ్ళ తరబడి సెకండియర్ దాటని ఆ కుర్రకారులో ఒకడు రోజూ తన ఇద్దరు పిల్లల్ని బడిలో దింపి, తర్వాత తాను పుస్తకాలు చంకన పెట్టుకుని కాలేజీకొస్తాడు. ఇవన్నీ ఒక ఎత్తు, మెట్ల సంగతి ఒక ఎత్తు.

హాల్లో పెద్ద మెట్లు కనిపిస్తాయి కదా, వాటి పైన ప్రిన్సిపాల్ గది ఉందని అందరి నమ్మకం. పైన గదీ లేదు, గాడిద గుడ్డూ లేదు. కెమెరా చూపు అందనంత ఎత్తులో ఒక చెక్క బల్ల బిగించి ఉంటుంది, అంతే. ఎక్కినవాళ్ళు కింద సీను పూర్తయ్యేదాకా దాని మీద కిక్కురుమనకుండా కూర్చోవాలి. దిగితే కెమెరాకు దొరికిపోతారు, నోరు విప్పితే పక్కనే వేలాడే మైకుకు దొరికిపోతారు.

ప్రిన్సిపాల్ వేషం వేసే పెద్దమనిషికీ, హాస్టల్ వార్డెన్ వేషం వేసే ఆవిడకూ సీరియల్లో ఉప్పూ నిప్పూ. ప్రతి పోట్లాటా ఇద్దరూ అరుచుకుంటూ మెట్లెక్కడంతోనే ముగుస్తుంది. అందువల్ల నాలుగేళ్ళుగా ఇద్దరూ కింద కత్తులు నూరుకోవడం, పైన పక్కపక్కన మౌనంగా కూర్చోవడం. ఆయనకు దగ్గు వచ్చేలా ఉంటే ఆవిడ చెయ్యి చాపి లవంగం పెట్టేది. ఆవిడకు చెమట పడితే ఆయన డైలాగు కాగితంతో విసిరేవాడు. అన్నేళ్ళు అలా కూర్చున్నవాళ్ళకు ఒకరి మనసు ఒకరికి కొంత తెలుస్తుంది. ఎంత తెలిసిందో మాత్రం తెలియదు, అక్కడే వచ్చింది చిక్కు.

ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఆవిడకూ భర్త లేడు. ఆవిడ కొడుకు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఆయన నీళ్ళు నమలడం చూసి చూసి విసిగిన కూతురు ముందురోజే ఫోన్లో గదమాయించింది. "నాన్నా, ఆవిణ్ణి నువ్వు అడుగుతావా, నన్నొచ్చి అడగమంటావా?"

ఇక వాయిదా వేయడానికి రోజులు కూడా లేవు. కథలో వార్డెన్ ఉద్యోగం ఊడింది. ఈ ఒక్క సీను అయిపోతే ఆవిడ మళ్ళీ రానక్కర్లేదు. ఆ మెట్లూ ఉండవు. క్యాంటీన్ సెట్టు వేయడానికి వడ్రంగులు సుత్తులు పట్టుకుని అప్పుడే ఓ మూల కాచుకుని ఉన్నారు.

సీను చిన్నదే. "మీలాంటి మనిషితో ఒక్క పూట కూడా వేగలేను!" అని ఆవిడ అరవాలి. "పోండి! మళ్ళీ నా కంటపడకండి!" అని ఆయన గర్జించాలి. ఆవిడ విసవిసా మెట్లెక్కితే ఆయన వెనకాలే ఎక్కాలి. కింద పిల్లలు చప్పట్లు కొట్టాలి, ఒక్క కుర్రాడు మాత్రం వార్డెన్ కోసం ఏడవాలి. పొమ్మన్న మనిషి పైకెందుకు ఎక్కుతుందని అడక్కండి, అది రాసినవాడికే తెలియదు.

మొదటిసారి అంతా సజావుగా నడిచింది. ఇద్దరూ బల్ల మీదికి చేరారు. కింద చప్పట్లు మోగాయి. ఆ మోతలో మైకుకు వినబడదని ఆయన గుండె దిటవు చేసుకుని ఆవిడ చెవి దగ్గర అడిగేశాడు.

"మనం పెళ్ళి చేసుకుందామా అండీ?"

సరిగ్గా అప్పుడే చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి ఆయన వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. అంతలో మైకు చూసి నోరు మూసుకుంది. ఆ మరుక్షణంలో కింద, వార్డెన్ కోసం ఏడవాల్సిన కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

"కట్! మళ్ళీ చేద్దాం, అందరూ కిందికి!" అన్నాడు డైరెక్టరు.

దిగీ దిగగానే మేకప్ అమ్మాయి ఆవిడ మొహం పట్టుకుంది, దుస్తులతను ఈయన కోటు పట్టుకున్నాడు. పదిమందిలో ఏమని అడుగుతాడు?

రెండోసారి ఆవిడ తన మాట అంది. అబ్బ, ఏం అంది! "ఒక్క పూట కూడా వేగలేను" అని కళ్ళల్లో నిప్పులు కురిపిస్తూ అంటుంటే, తన ప్రశ్నకు జవాబు వచ్చేసిందేమోనని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు తాను గర్జించాలి. నోరు తెరిచాడు. "పోం..." దగ్గరే నాలుక మడతపడింది.

ఒక్క టేకులో పని ముగిస్తాడని పేరున్న మనిషి. అందరూ వింతగా చూశారు. మళ్ళీ మొదలెట్టారు. ఈసారి "పో..." అని, గుటక మింగి, "ఉండండి" అన్నాడు.

"సార్, పొమ్మనాలి సార్. ఉండమంటున్నారేంటి?" అన్నాడు డైరెక్టరు. సెట్టంతా గొల్లుమంది.

ఆయన అవస్థ పగవాడికి కూడా వద్దు. ఆ మాట అంటేగానీ మెట్లెక్కడానికి లేదు, ఎక్కితేగానీ జవాబు దొరకదు. జవాబు వినకుండా ఆవిణ్ణి పొమ్మనడానికి నోరు రావడం లేదు. మరో రెండుసార్లు ప్రయత్నించి చెమటలు పట్టి నిలబడిపోయాడు.

డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. "పోనీలెండి సార్, ఆ మాట తీసేద్దాం. మేడమ్ తన డైలాగు చెప్పేసి ఇలా గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోతారు. మెట్లు ఎక్కే పనే లేదు."

ప్రిన్సిపాల్‌గారి పై ప్రాణాలు పైనే పోయాయి. వద్దనాలనుకున్నాడు. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలి?

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఆవిడ. సరాసరి ఆయన ఎదుటికొచ్చి నిలబడింది. "మీకేమైంది? ఎందుకు అనలేకపోతున్నారు?"

అందరూ వింటున్నారని తెలుసు. అయినా అబద్ధం రాలేదు. "అంటే మీరు వెళ్ళిపోతారేమోనని," అన్నాడు.

ఆవిడ కొంగు నడుముకు బిగించి, కింద సీన్లలో ఎప్పుడూ చేసినట్టే ఆయన మొహం ముందు వేలు ఆడించింది.

"పొమ్మంటే పోయేదాన్నయితే, నాలుగేళ్ళు ఆ బల్ల మీద నడుం విరిగేలా ఎందుకు కూర్చుంటానండీ? ఈ ఏడు మొదట్లోనే నాకు వేరే సీరియల్లో అమ్మ వేషం ఇస్తామన్నారు. వద్దన్నాను. ఎందుకనుకున్నారు, ఈ వార్డెన్ ఉద్యోగం మీద ప్రేమతోనా?"

"అంటే..."

"అంటే అంతే. ఎంత గట్టిగా అనాలో అంత గట్టిగా అనండి. నేనెక్కడికీ పోను. తొందరగా కానివ్వండి, అందరికీ ఆకలేస్తోంది."

ఇక చూడాలి ఆయన గర్జన! "పోండి! మళ్ళీ నా కంటపడకండి!" అంటుంటే సెట్టు కిటికీ అద్దాలు అదిరాయి. ఆ ఎపిసోడ్ వచ్చాక, అంత రాతిగుండె మనిషిని ఎక్కడా చూడలేదని ప్రేక్షకులు వారం పాటు తిట్టిపోశారు. ఆ తిట్లన్నీ కూతురు ఫోన్లో చదివి వినిపిస్తుంటే ఆయన మురిసిపోయాడు.

ఆవిడ విసవిసా ఎక్కింది. ఆయన ఆవిడ వెనకాలే రెండేసి మెట్లు ఎక్కాడు. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. డైరెక్టరు కట్ చెప్పాడు. అయినా చప్పట్లు ఆగలేదు. ఏడవాల్సిన ఆ కుర్రాడు కూడా ఈలలేస్తున్నాడు.

ఆ సందడి సద్దుమణిగాక వడ్రంగి మెట్ల కిందికొచ్చి తల పైకెత్తాడు. "సార్, మేడమ్, మీరు దిగితే మెట్లు విప్పేస్తాం."

"కాసేపు ఆగు నాయనా," అంది ఆవిడ పైనుంచి. "ఇక్కడ కూర్చుని మాట్లాడుకోవడం మాకు ఇదే మొదటిసారి."