ఎదుటివాళ్ళ బిందె

వాసుదేవరావు పుణ్యాత్ముడని బస్తీ అంతా అంటోంది. వరమ్మ మాత్రం తెల్లవారకముందే గుమ్మంలో కూర్చుని, ఇత్తడి బిందెను చింతపండుతో తోముతూ అతన్ని తిట్టుకుంటోంది. పైకి కాదు. పైకి తిట్టే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు. పెదవులు కదుపుకుంటూ, చేతి విసురుకు తగ్గట్టు ఒక్కొక్క మాటా లోపలే నూరుకుంటోంది. నెహ్రూ నగర్లో మేడ కట్టుకున్నవాడు, ఇంట్లోనే కుళాయి తిప్పుకునేవాడు, దారిన పోతూ పోతూ వీళ్ళ కుళాయి మీద ఎందుకు పడ్డాడో ఆమెకు అంతుపట్టలేదు.

వాసుదేవరావు చేసింది లోకం కళ్ళకు మేలే. నాలాకు ఇవతల తెలుగువాళ్ళ బస్తీ, అవతల ఛత్తీస్‌గఢీల బస్తీ. నాలా మీద చిన్న వంతెన, దాన్నందరూ పులియా అంటారు. ఆ పులియా పక్కన సిమెంటు గట్టు మీద ఒకే ఒక్క కుళాయి, రెండు బస్తీలకూ అదే దిక్కు. ఎండాకాలం ఇంకా దాటకముందే ఎలక్షన్ల వాసన కొట్టింది. వాసుదేవరావు పైపుల కాంట్రాక్టు పట్టి, ఇటొక కుళాయీ అటొక కుళాయీ వేయించాడు. రేపు పొద్దున కొబ్బరికాయ కొడతారు. ఆపైన పాత కుళాయికి నీళ్ళు కట్టేస్తారు.

ఇంటి ముందుకు నీళ్ళొస్తుంటే ఏడ్చే ఆడదాన్ని ఎవరైనా చూశారా? వరమ్మ ఏడుస్తోంది. అదీ లోపలే.

ఆమె పొట్టి మనిషి. నడినెత్తిన జుట్టు బిందె ఒరుసుకుని ఒరుసుకుని పల్చబడింది. మడమల పగుళ్ళలో ఉక్కు కార్ఖానా ఎర్ర దుమ్ము దిగి, ఎంత రాచినా పోదు. చీపురుపల్లి దగ్గరి ఊరినుంచి అప్పలకొండ వెంట వచ్చినప్పుడు ఆమెకు మీసం మొలవని మొగుడూ, ఈ బిందే తప్ప వేరే ఆస్తి లేదు. అప్పలకొండ బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు కూలీ. తొలి కూలిడబ్బులతో పవర్ హౌస్ బజారుకు తీసుకెళ్ళి, బిందె మెడమీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించాడు. పిల్లలు నిలవలేదు. తర్వాత అప్పలకొండా దగ్గి దగ్గి పోయాడు. బిందె మిగిలింది, కడుపు దగ్గర ఒక సొట్టతో.

ఆ సొట్ట అయిదేళ్ళ కిందటి హోలీనాటిది. కుళాయి దగ్గర ఎవరిదో బిందెను ఎవరో కాలితో జరిపారు. జుట్లు పట్టుకున్నారు. మగాళ్ళు తాగి ఉన్నారు, వచ్చారు. సాయంత్రానికి అటొక శవం, ఇటొక శవం. గుడిసెలు ఎటువైపు ఎన్ని కాలాయన్నది ఇప్పటికీ ఎవరికి తోచిన లెక్క వాళ్ళు చెబుతారు. పోలీసులు పులియా మీద గుడారం వేసుకుని, వంట చేసుకుని తిని, వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఉన్నారు. ఎవరూ ముందుకు కదలలేదు. నీళ్ళు ఊరికే పోతున్నాయి. అప్పుడు గౌరీదేవి, కూలీల కేంపులో ఇడ్లీలు అమ్ముకునే మనిషి, తన బిందె కింద పెట్టేసి అవతలి వరసలో ముందున్న సుక్వారో బాయి చేతిలోంచి బిందె లాక్కుంది. మళ్ళీ దెబ్బలాట అనుకుని అందరూ వెనక్కి జరిగారు. గౌరీదేవి ఆ బిందెను కడిగి, నింపి, సుక్వారో నెత్తికెత్తింది. సుక్వారో బాయి ఆ బిందె దించి, గౌరీదేవి బిందె నింపి ఎత్తింది.

అదే కట్టుబాటయింది. ఎవరి బిందె వాళ్ళు నింపుకోకూడదు. ఎదుటివాళ్ళ బిందె నింపాలి, నింపినవాళ్ళే నెత్తికెత్తాలి. పొద్దున ఎవరి చేతి నీళ్ళు తాగారో సాయంత్రం వాళ్ళమీద కర్ర ఎత్తడం మగాళ్ళకు కష్టమైంది. షిఫ్టు మారే వేళ ఇటునుంచి ఒకామె, అటునుంచి ఒకామె పులియా మీద కూర్చోవడమూ అప్పుడే మొదలైంది. ఏ పుకారు పుట్టినా మగాళ్ళకంటే ముందు ఈ ఆడవాళ్ళు నాలా దాటి కనుక్కొచ్చేవారు. పేపరువాళ్ళు వచ్చి శాంతి సమితి అని ఏదో రాసుకుపోయారు. వీళ్ళకు పేరేమీ లేదు. పేరు పెట్టుకునే తీరిక లేదు.

ఈపొద్దు వరమ్మ వెళ్ళేసరికి గట్టు మీద బిందెలు సగానికి సగం లేవు. ఉన్నవాళ్ళు కూడా మొక్కుబడి తీర్చుకుంటున్నట్టు నింపుతున్నారు. చిన్నమ్మలు ఆమెను చూసి నవ్వింది.

"ఏటప్పా, అత్తోరింటికి పంపుతున్నట్టు తోమినావు బిందెని. రేపట్నించి గుమ్మంలోనే నీల్లు. మంచమ్మీంచి సెయ్యి సాపితే సాలు."

"నువ్వు సాపుకోవే."

"నాను సాపుకుంటాను. నువ్వేమో పులియా కాడ కూకుని ఆల్ల బిందెలకి కాపలా కాసుకో. గౌరమ్మ నీకు రాసిచ్చీసినాది కదా."

చుట్టూ నవ్వారు. వరమ్మ కూడా నవ్వబోయింది కానీ ఎడమ భుజం దగ్గర ఏదో పట్టేసి, ఆ నవ్వు సగంలో ఆగింది. బిందె మోసిన నొప్పే అనుకుంది. రెండు రోజులుగా అలాగే అనుకుంటోంది.

పొద్దెక్కాక సెక్టర్ 2లో అరుణకుమారిగారింట్లో అంట్లు తోమింది. మధ్యలో రెండుసార్లు గోడకు ఆనుకుంది. అరుణకుమారి మంచిదే, టీ ఇచ్చి కూర్చోమంది. కుళాయి సంగతి విని, ఇంత వయసులో అంత దూరం మొయ్యక్కర్లేకపోతే సంతోషించాలి గానీ దిగులెందుకని అడిగింది. వరమ్మ టీ గ్లాసు కడిగి బోర్లించింది. గౌరీదేవి అయితే చెప్పేది. గౌరీదేవి నిలబడి మాట్లాడితే వీధి చివర కుక్కలు కూడా కూర్చునేవి. వరమ్మ ఆమె వెనక నిలబడి, ఆమె చెప్పులో, కిరసనాయిలు డబ్బానో పట్టుకునే మనిషి. సమితిలో ఆమె చేసిన పని అదే. ఇప్పుడు ముందు నిలబడే వాళ్ళు పోయారు, చెప్పులు పట్టుకునేది మిగిలింది.

తిరిగి వచ్చేటప్పుడు కొత్త కుళాయి దగ్గర వాసుదేవరావు కనిపించాడు. తెల్ల పేంటు, చంకలో తోలు బేగు. బస్తీ కుర్రాళ్ళూ మగాళ్ళూ మట్టి పూడుస్తున్నారు. వరమ్మ దగ్గరికి వెళ్ళింది. జీవితంలో ఒక కాంట్రాక్టరుతో తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"బాబూ, కొత్తవుండనీండి. పాతదాన్ని ముయ్యకండి. పొద్దున్న కాసేపు ఇడిసినా సాలు."

"ఇంటికాడికి తెచ్చిస్తే పాతదెందుకమ్మా?"

"ఆల్లూ మేమూ కలిసేది అదొక్క సోటే బాబూ."

వాసుదేవరావు చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నవ్వాడు. "కలిసి ఏటి సేస్తారు? గౌరీదేవి బుర్ర పగలగొట్టినోల్లకి నీల్లు పట్టిస్తారా? ఇంకెవులైనా అయితే సిగ్గుతో సచ్చిపోదురు."

వరమ్మ నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. మూడేళ్ళుగా ఉంది.

మూడేళ్ళ కిందటి ఆ సాయంత్రం, పేకాట దగ్గర మొదలైన గొడవతో పులియాకు రెండు వైపులా మగాళ్ళు పోగయ్యారు. గౌరీదేవి, సుక్వారో బాయి పులియా నడుమ వీపూ వీపూ ఆనించి నిలబడ్డారు. గౌరీదేవి మొహం అవతలి బస్తీ వైపు. సుక్వారో మొహం తెలుగువాళ్ళ వైపు. వరమ్మ పక్కగా, గౌరీదేవి చెప్పులు పట్టుకుని ఉంది. రాయి వచ్చింది. గౌరీదేవి చెవి వెనక తగిలింది. ఆమె కూలబడుతూ ఒరిగి తిరగడంతో, మసకచీకట్లో చూసినవాళ్ళందరికీ దెబ్బ ఎదురుగా తగిలినట్టే కనిపించింది. కానీ వరమ్మ పక్కనే ఉంది. అవతల ఎవరి చెయ్యీ లేవలేదు. రాయి ఇవతలినుంచి వచ్చింది, తమ బస్తీలోంచి.

ఆస్పత్రిలో గౌరీదేవి అందరికీ వినిపించేటట్టు, ఎటునుంచి వచ్చిందని ఎవరూ అడగొద్దని ఒట్టేయించుకుంది. తర్వాత వరమ్మను వంగమంది. "నీకు తెలుసు. సెప్పకు. సెప్తే ఎవుడని అడుగుతారు, ఆడి కొంప కాల్చేస్తారు, మల్లీ మొదలు," అంది. రెండోరోజు పోయింది.

ఎవరూ అడగలేదు. అడగకుండానే అందరూ అవతలివాళ్ళే అనుకున్నారు. పోలీసులు సుక్వారో కొడుకును పట్టుకుపోయి, చెయ్యి విరిచి పంపారు. సుక్వారో బాయి ఆ అవమానంతో కుళాయి దగ్గరికి రావడం మానేసి, కొన్నాళ్ళకు రాజ్‌నంద్‌గావ్ దగ్గరి తమ పల్లెకు వెళ్ళిపోయింది. ఆమె కోడలు చాందిని మాత్రం వస్తూనే ఉంది. ఈ మూడేళ్ళూ వరమ్మ బిందె నింపుతున్నది ఆ పిల్లే. తెలుగక్షరాలు చదవలేదు, సొట్టను బట్టి గుర్తుపడుతుంది.

ఇప్పుడు వాసుదేవరావుకు జవాబు చెబితే అతని నోరు మూతపడుతుంది. వరమ్మ మట్టి పూడుస్తున్నవాళ్ళ వంక చూసింది. వంగిన వీపులు. వాళ్ళ చిన్నప్పటినుంచీ తను ఎరిగిన వీపులు. వీళ్ళలో ఒకడు. ఎవడో ఆమెకు తెలియదు, తెలియకూడదనే కళ్ళు దించుకుని మూడేళ్ళు తిరిగింది. జవాబును మింగేసి ఇంటికి నడిచింది. వెనకనుంచి ఎవరో నవ్వారు.

సాయంత్రం పాత కుళాయికి ఆఖరి నీళ్ళు వదిలారు. ఇవతలినుంచి వరమ్మ ఒక్కతే వెళ్ళింది. అవతలినుంచి చాందిని వచ్చింది. వరమ్మ చాందిని బిందె నింపి, రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టబోయింది. ఎత్తలేకపోయింది. చాందిని తానే అందుకుని గట్టు మీద పెట్టింది.

"దాయీ, రేపట్నుంచి నేను రాను. వచ్చినా ఎవరి కోసం?" అంది. కుళాయి దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది; దాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. "మావాళ్ళు నవ్వుతున్నారు. నువ్వు నీళ్ళు నింపు, వాళ్ళు నిన్ను ఖూనీవాలీ అనే అంటారు, జిందగీ భర్, చచ్చేదాకా అంటారు అని."

వరమ్మ పులియా గోడ మీద కూర్చుంది.

"ఒక్కటి చెప్పు. ఆ పత్థర్, ఆ రాయి, మా వైపునుంచే వచ్చిందా?"

"అడగొద్దంది కదమ్మా గౌరమ్మ."

"అడగలేదు. మూడు సాల్ అడగలేదు. మా ఆయన కుడి చెయ్యితో ముద్ద కూడా ఎత్తలేడు. ఆయన ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు దాయీ. ఎవరు నమ్మారు?"

దూరాన కార్ఖానాలో ఇనుము కరిగించగా మిగిలిన మండే స్లాగు పారబోశారు. ఆకాశం ఒక పక్క ఎర్రబడి, ఆ వెలుగు నాలా నీళ్ళమీదా, చాందిని మొహంమీదా కాసేపు నిలిచి ఆరిపోయింది. వరమ్మకు చెమట పట్టింది. గౌరీదేవికి ఇచ్చిన మాట ఒక పక్క. ఈ పిల్ల ఇన్నాళ్ళుగా ఎత్తిన బిందెలు ఒక పక్క. గౌరీదేవి అయితే ఏం చేసేదో ఆలోచించింది. తెలియలేదు. గౌరీదేవి లేదు.

"గౌరమ్మ మొగం మీ యేపున్నాది," అంది నెమ్మదిగా. "దెబ్బ ఎనకన తగిలినాది."

చాందినికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె చెయ్యి తనంతట తానే చెవి వెనక్కి వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

"నీకు తెలుసా? ఇన్నాళ్ళూ?"

"తెలుసు."

"మా అత్తకి?"

"మీ యత్త మొగం మా యేపున్నాది. నాను దెబ్బే సూసినాను. ఆయమ్మ ఎవుడిసిరినాడో కూడా సూసుంటాది."

చాందిని ఏడవలేదు, కేకలెయ్యలేదు. కొడుకును పట్టుకుపోతున్నా నోరు విప్పని అత్తను ఎన్నిసార్లు పిరికిదని తిట్టిందో ఆమెకే తెలుసు. నిలబడి తెలుగు బస్తీ వైపు చూసింది. దీపాలు పెడుతున్నారు. ఒక్క కేక వేస్తే చాలు, అవతలినుంచి మగాళ్ళు పరిగెత్తుకొస్తారు. ఆ సంగతి వరమ్మకూ తెలుసు. చేతిలోది ఇచ్చేసినదానిలా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

చాందిని వంగి వరమ్మ బిందె తీసింది. ఎప్పటిలాగే రెండుసార్లు కడిగి పారబోసి, కుళాయి కింద పెట్టింది. ధార సన్నబడుతోంది. ఆఖరి నీళ్ళు. బిందె అంచుదాకా వచ్చేవరకూ కదలకుండా నిలబడింది.

"లే దాయీ, ఎత్తుతాను," అంది వెనక్కి తిరగకుండానే.

వరమ్మ లేవలేదు. పులియా గోడకు తల ఆనించి, కళ్ళు సగం తెరిచి, తన బిందె వైపే చూస్తున్నట్టు ఉంది. చాందిని దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుంది. ఆ తర్వాత ఆమె పక్కనే కూర్చుని, ఇవతలినుంచి ఎవరైనా వచ్చేదాకా తల పక్కకు వాలిపోకుండా పట్టుకుంది.

వచ్చింది చిన్నమ్మలు. చాలాసేపు ఏడ్చాక, మగాళ్ళు మంచం తెచ్చేలోగా, ఆఖరున ఏటన్నాదని చాందినిని అడిగింది. చుట్టూ తెలుగువాళ్ళు మూగారు. అవతలినుంచి కూడా మనుషులు వచ్చి నిలబడ్డారు. చాందిని వాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"నీల్లు పట్టమంది," అంది. "ఔర్ కుచ్ నహీఁ. ఇంకేం లేదు."

మర్నాడు పొద్దున, చెప్పిన ముహూర్తానికే వాసుదేవరావు కొబ్బరికాయ కొట్టాడు. చావు సంగతి తెలిసి, బాజాలు మాత్రం వద్దన్నాడు. ఆడవాళ్ళు ఎవరి బిందె వాళ్ళు నింపుకుని, ఎవరి నెత్తిన వాళ్ళే ఎత్తుకుని పోయారు. ఎండెక్కాక అతని మనుషులు పాత కుళాయి దగ్గరికి వచ్చి, అక్కడ సిమెంటు గొడౌను కట్టడానికి పురికొస పట్టారు. గట్టు మీది వరమ్మ బిందె తియ్యబోతే, చిన్నమ్మలు తన ఖాళీ బిందెతో అక్కడే కూర్చుని ఉంది.

"ముట్టకండి. నింపినోల్లే ఎత్తాల," అంది. నాలా అవతల తన గుమ్మంలో చాందిని నిలబడి ఇటే చూస్తోంది.

వాళ్ళు నవ్వుకుని, బిందె చుట్టూ తిప్పి పురికొస కట్టేసి పోయారు. రెండు బస్తీల ఆడవాళ్ళు పోగొట్టుకున్న జాగా కొలిస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఒక సిమెంటు గట్టు. దాని నడుమ వరమ్మ బిందె అంచుదాకా నిండి ఉంది, చింతపండు మెరుపు ఇంకా పోకుండా, సొట్ట నాలా వైపుకు తిరిగి.