మొదటి గరిట

హాస్టల్ వంటింట్లో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. తెల్లవారుజామున లేచి, థైరాయిడ్ బిళ్ళ నీళ్ళతో మింగి, కొంగు బిగించి పొయ్యి ముందు నిలబడేది. ఏ గిన్నె దించాలన్నా ముందు ఆమె నాలుక ఒప్పుకోవాలి. అలాంటిది ఈ ఏడాది కూరల్లో ఉప్పు ఓ రోజు ఎక్కువ, ఓ రోజు తక్కువ. నాలుక మొద్దుబారింది. ఒళ్ళు బరువెక్కింది, కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు. ఇలాగే ఉంటే పొయ్యి ఇంకొకరికి అప్పజెప్పి, తనను కూరగాయలు తరగమంటానని వార్డెనమ్మ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పినందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మొదటి డాక్టరు రిపోర్టు చూసి మోతాదు పెంచాడు. గుణం కనిపించకపోతే ఇంకా పెంచాడు. సెలవులకు హాస్టల్ మూసి ఆమె ఇంటిపట్టున ఉన్నప్పుడు గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. రెండో డాక్టరు తగ్గించాడు. హాస్టల్ తెరిచాక మళ్ళీ మొదటికొచ్చింది. ఇద్దరూ కాగితం వంకే చూస్తూ, బిళ్ళలు సరిగ్గా వేసుకోవడం లేదన్నారు. చేయని తప్పుకు చీవాట్లు తిని వచ్చేది.

మూడో డాక్టరమ్మ దగ్గరికి ఆడపడుచును తోడు తీసుకెళ్ళింది. ఆ అమ్మాయిదీ అదే వంటింట్లో పని.

"పరగడుపునేనా వేసుకుంటున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒట్టు. టిఫిన్లు వడ్డించేదాకా మెతుకు ముట్టను."

ఆడపడుచుకు నవ్వాగలేదు. "మరి టీ ఎన్నిసార్లు చప్పరిస్తావో కూడా చెప్పు వదినా. ఈమధ్య రుచి తెలియట్లేదని గరిటెడు తాగేస్తున్నావు."

"అది రుచి చూడటమే. తినడం ఎలా అవుతుంది?"

వేళాకోళానికి అన్న మాట కాదు. రుచి చూసినదాన్ని వంటవాళ్ళు తిన్న లెక్కలో వేసుకోరు. వేసుకుంటే ఇక వాళ్ళకు పరగడుపే ఉండదు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. వెంటనే పాలూ టీ పడితే బిళ్ళ ఒంటికి పట్టదనీ, సెలవుల్లో ఆ రుచి చూసే పని లేక పెంచిన మోతాదంతా పట్టేసి దడ వచ్చి ఉంటుందనీ వివరించింది. మందు మార్చలేదు. వేసుకున్నాక గంటసేపు నీళ్ళు తప్ప ఏదీ నాలుక మీద పడకూడదంది. కొన్ని వారాలు పోయాక మళ్ళీ రక్తపరీక్ష.

"ఇన్నాళ్ళూ ఎవరూ ఇలా అడగలేదండీ," అంది పెద్దక్క.

"మీరూ చెప్పలేదు కదమ్మా."

"చెప్పాల్సిన సంగతని అడిగితేనేగా తెలిసేది."

"నిజమే," అంటూ డాక్టరమ్మ పరీక్ష చీటీ రాసిచ్చింది.

అయితే హాస్టల్లో టీ దిగేది సరిగ్గా ఆ గంటలోనే. ఇంకా ముందు లేద్దామంటే ఒళ్ళు సహకరించదు. మర్నాడు టీ మరిగింది. చెయ్యి అలవాటుగా గరిట ముంచి పెదవి దాకా తెచ్చి, ఆగింది. కాసేపు అలాగే పట్టుకుని, ఆడపడుచు ముందుకు చాపింది.

"నువ్వు చూడు."

ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి మొదటి గరిట ముట్టి ఎరగదు. చప్పరించి, కళ్ళు మూసుకుని, "పంచదార ఇంకాస్త పడాలి వదినా," అంది.

రంగు చూస్తే పెద్దక్కకు అన్నీ సరిపోయినట్టే ఉంది. అయినా డబ్బా తీసి ఆ కాస్తా వేసింది.

టీ గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చాయి.

"రేపూ నువ్వే చూడు," అంటూ పెద్దక్క మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.