కూర చేప

రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేను హజరత్తయ్య తాడుతో లాగి గట్టు మీద పెట్టాడు. అడుగున మేత మిగల్లేదు. ఒక రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుని పేగు నిండిందో లేదో చూశాడు. నిండింది. ట్రేను నీళ్లలోకి వదిలి, గుంట నీళ్లను చిలికే ఏరియేటర్ల వైపు నడిచాడు. గట్టు ఎక్కేచోట ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందాక మళ్లీ నడిచాడు.

ఇందుకూరుపేట మండలంలో సముద్రం పక్కనున్న ఆ రొయ్యల గుంటకు అతను కాపలా. అంతకు ముందు చేపల వేటకు పోయేవాడు. తండ్రితో తెప్ప మీద మొదలుపెట్టి ఫైబర్ పడవకు మారాడు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తల్లి దర్గాలో మొక్కుకుని హజరత్తయ్య అని పేరు పెట్టింది. మూడేళ్ల కిందట వల లాగుతూ పడవలో పడిపోయాడు. మిగతావాళ్లు వలను సముద్రంలోనే వదిలేసి అతన్ని ఒడ్డుకు తెచ్చారు. గుండె బలహీనపడింది, పడవ ఎక్కవద్దు అని నెల్లూరు ఆస్పత్రిలో చెప్పారు.

పడవ మేనల్లుడు సుబ్బుది. వేట నుంచి వచ్చాక, వేలానికి ముందు, పడవలో పోయిన ప్రతి మనిషికీ ఇంటి కూరకని కొన్ని చేపలు తీసి పక్కన పెడతారు. దాన్ని కూర చేప అంటారు. హజరత్తయ్య పడవ దిగాక కూడా సుబ్బు మామ వాటా తీస్తూనే ఉన్నాడు. కామమ్మ వాటిని వండుతుంది. మొదట్లో హజరత్తయ్య తిన్నాడు. ఈ మధ్య చారు పోసుకుని లేచిపోతున్నాడు.

ఆ ఆదివారం గుంట నుంచి ఇంటికి వచ్చి, చద్దన్నం ముందు కూర్చుని భార్యతో అన్నాడు.

"సుబ్బుకు చెప్పు. రేపట్నుంచి మనకు కూర చేప ఎయ్యొద్దని."

కామమ్మ అమ్మకానికి పోవడానికి తట్ట కడుగుతోంది. "వేటకు పోనోడికి ఎవురేస్తారు? వాడు కాబట్టి ఏస్తుండాడు. వద్దంటే ఏం తింటావు?"

"నేను తెస్తా."

"ఆ రబ్బరు చేపతోనా? ఎండాకాలం నుంచీ తెస్తానే ఉండావు. మడికాడ పుట్టినోడు నీకు చేపలు పట్టేది నేర్పుతుండాడని బజారంతా నవ్వుతుండారు."

"నవ్వనీ."

"తెచ్చిననాడు చెప్తాలే సుబ్బుకు," అని ఆమె తట్ట బోర్లించింది.

మడికాడ పుట్టినవాడు పెంచల్. నెల్లూరులో ఆటో తోలుతాడు. ఆదివారాలు రాడ్ పట్టుకుని ఈ ఒడ్డుకు వస్తాడు. ఈత రాదు. పాత రాడ్ ఒకటి హజరత్తయ్యకు ఇచ్చాడు. దారం చివర సీసపు గుండు అతికిన గేలం, గేలానికి వేలెడు రబ్బరు చేప. పెంచల్ దాంతో పట్టేది ఇసుకలో పడుకునే ఒక చేపను. తల పలకలా అణిగి ఉంటుంది కాబట్టి అతను దాన్ని పలకతల అంటాడు. అది ఒంటి మీద ఇసుక కప్పుకుని, కళ్లు బయటపెట్టి, మీదుగా పోయేదాని కోసం కాచుకుంటుంది.

హజరత్తయ్య ఆ చేపను వలలో చూశాడు. అది ఎక్కడ పడుకుంటుందో తెలుసుకునే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. చేప సముద్రం లోపల ఉంటుంది. ఒడ్డు ఉన్నది పడవ దిగి ఇంటికి పోవడానికి.

అందుకే రాడ్ చేతికి వచ్చిన రోజు నుంచి ఒకటే తప్పు చేస్తున్నాడు. నడుము లోతు దిగి, అలల అవతలికి, చేతనైనంత దూరం విసురుతాడు. ఆ రోజూ దిగాడు.

"పెద్దాయనా, మళ్లీ దిగినావా," పెంచల్ ఒడ్డు నుంచి పిలిచాడు. "నువ్వు దాని నెత్తిన నిలబడుకోని దాన్నే ఎతుకుతుండావు."

"ఇంత లోతులో ఏముంటాదిరా. నీ ఆటో ఉంటాది."

"ఆటో పడితే అదే పట్టుకో. ముందు బయటికి రా."

హజరత్తయ్య బయటికి వచ్చాడు. పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. ఒడ్డుకూ ఇసుక దిబ్బకూ మధ్య నీటి రంగు మారిన చోటును పెంచల్ చూపించాడు. తీసే నీళ్లతో పాటు చిన్న చేపలు ఆ పల్లంలోకి జారతాయి. పలకతల దాని అంచున ఉంటుంది.

"తడి ఇసక మీదే నిలబడు. సముద్రంలోకి ఎయ్యొద్దు, ఒడ్డెమ్మడి ఎయ్యి. గుండు ఇసకకు తగిలిందాకా ఆగు. రాడ్ ఎత్తు, మళ్లీ దించు. దిగేటప్పుడే అది పట్టేది. దారం వదులు చెయ్యబాక."

"తగిలితే?"

"గుంజబాక. నీది గాలపు తాడు లాగిన చెయ్యి. తగలంగానే గుంజుతావు. బరువు తెలిసినాక ఎత్తు."

అది చెప్పి పెంచల్ తన రాడ్ తీసుకుని, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లిపోయాడు.

హజరత్తయ్య తడి ఇసుక మీద నిలబడి ఒడ్డు వెంబడి విసిరాడు. గుండు ఇసుకను తాకింది. ఎత్తాడు, దించాడు. ఏమీ లేదు. నాలుగు అడుగులు జరిగి మళ్లీ విసిరాడు. ఒకసారి ఏదో తగిలింది. చెయ్యి దానంతటదే గుంజింది. రబ్బరు చేప తోక తెగి వచ్చింది. ఇంకో రబ్బరు చేప తొడిగి కాసేపు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి లాగుతోంది. రుద్దుకుని లేచాడు.

ఈసారి గుండు దిగుతుండగా దారం ఆగింది. అతను గుంజలేదు. బరువు తెలిసేదాకా ఆగి రాడ్ ఎత్తాడు. చేప పల్లంలోకి పోయింది. దారం కొంచెం వదిలాడు, మళ్లీ చుట్టాడు. ఒడ్డుకు వచ్చే ఒక అలతో పాటు వెనక్కి నడిచి దాన్ని ఇసుక మీదికి లాగాడు. మూరెడు ఉంది. చెంపల మీద ముళ్లుంటాయి. చొక్కా విప్పి, చేప మీద కప్పి, తల వెనక అదిమిపట్టి గేలం తీశాడు. ముల్లు గుడ్డలోంచి వేలికి దిగింది. నెత్తురు చూసుకుని నవ్వాడు.

సుబ్బు పడవ పైకి లాగి ఉంది. దాని పక్కన ఇసుకలో కాలితో గుంట తవ్వి, ఊరిన నీళ్లలో చేపను వదిలాడు. చొక్కాను ఉప్పునీళ్లలో జాడించి, పడవ ముక్కు నుంచి లంగరుకు కట్టిన మోకు మీద ఆరేశాడు. పడవ నీడలో వీపు ఆనించి, చేప కనపడేలా కూర్చున్నాడు.

పెంచల్ తిరిగి వచ్చేసరికి నీడ హజరత్తయ్యను దాటి పోయింది. ఎండ ముఖం మీద ఉంది. "పెద్దాయనా, పట్టినావే," అన్నాడు. గుంట దగ్గర వంగి చూసి, అతని వైపు చూసి, భుజం తట్టాడు. తర్వాత ఊళ్లోకి పరిగెత్తాడు.

సుబ్బు, పడవ మనుషులు వచ్చి హజరత్తయ్యను మోసుకుపోయారు. కామమ్మ తట్టను దారిలో ఎవరికో ఇచ్చి వచ్చింది. ఇంటి ముందు జనం చేరారు. చివర వచ్చిన పెంచల్ చేతిలో ఆకులో చుట్టిన చేప ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. దినం అయ్యేదాకా నీచు వండరు.

"ఏం చేద్దాం అత్తా?" సుబ్బు అడిగాడు.

కామమ్మ ఆకు విప్పి చేపను చూసింది. దాని తలను, చెంపల ముళ్లను వేలితో తాకింది.

"ఆయన పట్టినాడు. మీ పడవోళ్లు కూరకు పంచుకోండి."

"మామకని తీసిన వాటా ఇంకా బుట్టలోనే ఉండాది."

"అదీ మీరే తీసుకోండిరా. ఇంక తియ్యబాకండి."

సుబ్బు చేపను రెండు చేతులతో తీసుకున్నాడు.

ఊళ్లో చావు జరిగితే పడవలు కదలవు. అది కట్టుబాటు. మరుసటి పొద్దున ఒడ్డున ఎవరూ లేరు. పోటుకు ఇసుకలోని గుంట పూడిపోయింది. మోకు మీద చొక్కా ఆరి, ఉప్పు తేలి బిరుసెక్కింది. కుడి చెయ్యి దగ్గర ముల్లు దిగిన చోట చిన్న రంధ్రం ఉంది.