రోజుకు ఒక మిల్లీమీటరు

బాలామణి కుడికాలు ఎడమకాలి కన్నా రెండంగుళాలు పొట్టి. మూడేళ్ల వయసులో వచ్చిన పోలియో జ్వరం ఆ కాలిని సరిగా ఎదగనివ్వలేదు. తండ్రి సూర్యారావు రాయగడ స్టేషన్లో సిగ్నల్ ఫిట్టరు. 1984 వేసవిలో విశాఖపట్నం డాక్టరు, తొడ ఎముకను కోసి, ఎముకలోకి దించిన మేకులకు బయట ఇనుప చట్రం బిగించి, మర తిప్పుతూ కాలిని సాగదీయవచ్చని చెప్పాడు. రోజుకు ఒక మిల్లీమీటరు. యాభై రోజులు.

“ఆ తర్వాత లోపల స్టీలు ప్లేటు వేసి, ఎముక గట్టిపడేదాకా చూడాలి. ఏడాది చదువు మానిపించండి,” అన్నాడు డాక్టరు.

అక్కడే చిక్కు వచ్చింది. బాలామణి పదో తరగతికి వచ్చింది. క్లాసులో తనే మొదటిది. జులై పరీక్షలు రాయని పిల్లను ఆ ఏడు మెట్రిక్ పరీక్షకు పంపనని ప్రధానోపాధ్యాయిని ఖచ్చితంగా చెప్పేసింది.

“వచ్చే ఏడు సేయిద్దాం,” అంది తల్లి సత్యభామ.

“వయసు ముదిరితే ఎముక అతకడం కష్టమన్నాడు కదా,” అన్నాడు సూర్యారావు.

ఆయన ఒక తెల్లకాగితం మీద తేదీలు వేశాడు. సెలవుల్లో ఆపరేషన్. బడి తెరిచేసరికి ఇంటికి. ఆగస్టులో ప్లేటు. డిసెంబరుకు చంకకర్రల్లేకుండా నడక. కూతురి చేత ఆ కాగితం చదివించాడు. ఆమె సరేనంది. డాక్టరు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. మేకుల దగ్గర చీము కనిపిస్తే ఆ రోజే రైలెక్కాలని మరీమరీ చెప్పాడు.

జూన్ మొదటి వారంలో ఆపరేషన్ అయింది. పదిరోజులకు మర తిప్పడం మొదలైంది. ఇంటికొచ్చాక ఆ పని సూర్యారావుది. పొద్దున్నే కూతురి మంచం పక్కన కూర్చుని తిప్పేవాడు. ఆమె పళ్లు బిగించి గోడకేసి చూసేది. చట్రం కనపడకుండా తల్లి వెడల్పాటి లంగా కుట్టింది. రిక్షాలో బడికి వెళ్లి, చంకకర్రలతో మెట్లెక్కి, కాలు చాపుకుని వెనక బెంచీలో కూర్చునేది బాలామణి.

జులై రెండోవారంలో పరీక్షలు మొదలయ్యాయి. “కట్టు నేనే కట్టుకుంతాను, నువ్వు ముట్టుకుంటే నొప్పెడతంది,” అని తల్లిని దగ్గరికి రానివ్వలేదు. ఆఖరి పరీక్ష రాసి వచ్చిన మధ్యాహ్నం మంచం మీద వాలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. సత్యభామ కట్టు విప్పి కెవ్వుమంది. రెండు మేకుల చుట్టూ చీము.

దొరికిన మొదటి రైలుకే విశాఖపట్నం బయల్దేరారు. కూతురి తల ఒళ్లో పెట్టుకుని సూర్యారావు అడిగాడు:

“తెలిసే దాసేవా అమ్మీ?”

ఆమె కళ్లు తెరిచింది. “నువ్వూ సూసేవు కదా నాన్నా. కట్టుకి పసుప్పచ్చ మరక.”

సత్యభామ భర్త వైపు తిరిగింది. “ఏటి? సూసేవా?”

ఆయన చూశాడు. మూడురోజుల కిందట. మందు మరకేమో అనుకున్నాడు, అనుకోవాలనుకున్నాడు. ఇంకా రెండే పరీక్షలు. మర తిప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

“సూసేను,” అన్నాడు.

పార్వతీపురం దాటేదాకా సత్యభామ తడిగుడ్డతో కూతురి నుదురు తుడుస్తూనే ఉంది.

చీము ఎముకకు పట్టిందని డాక్టరు చట్రం తీసేశాడు. కాలు అంగుళం పైచిలుకు పెరిగి ఆగిపోయింది. పిండికట్టుతో ఆసుపత్రిలోనే దసరా గడిచింది. మోకాలు ఇక సగమే వంగేది. ఆ ఏడు మెట్రిక్ లేదు. రాసిన పరీక్షల మార్కులు ఎవరికీ పనికిరాలేదు.

మరుసటి ఏడు తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చుని బాలామణి మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసయింది. ఆ జూన్‌లో కాలు చూపించడానికి వెళ్తే, మిగిలిన ముప్పావు అంగుళానికి మళ్లీ ప్రయత్నించవచ్చన్నాడు డాక్టరు. సత్యభామ మొగుడి వైపు చూసింది.

“నువ్వే సెప్పమ్మీ,” అన్నాడు సూర్యారావు కూతురితో. “ఈపాలి నానేమీ అనను.”

బాలామణి మోకాలి మీద లంగా సర్దుకుంది.

“వొద్దు నాన్నా,” అంది. “కాలేజీలో సేరాల.”