టేపు చుట్టలో వెలుగు గీత

పాత టేపులు బాగుచేసే ఆయన్ని స్టూడియోలో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఏళ్లు గడిచి బంకపట్టిన టేపును సన్నని వేడి పెట్టెలో ఉంచి, కోడి గుడ్లు పొదిగినంత ఓపికగా కాచుకుని, చల్లారాక మిషనెక్కించి పాటను కంప్యూటర్‌లోకి దించడం ఆయన పని.

ఈసారి చేతికొచ్చింది యాభై ఏళ్లనాటి సైకెడెలిక్ రాక్ ఆల్బం. కంపెనీవాళ్లు దాన్ని హై రిజల్యూషన్‌లో మళ్ళీ విడుదల చేస్తున్నారు. ఆ బృందంలో మిగిలింది డ్రమ్స్ వాయించిన పెద్దావిడ ఒక్కతే. గిటారు ఆమె తమ్ముడిది. ఇరవై నాలుగో ఏటే పోయాడు.

“ఆఖరి పాట చివర మావాడు నవ్వుతాడు నాయనా,” అంది ఆమె నిన్న వచ్చి. “రికార్డులో రాలేదు. నవ్వుకి ముందే పాట శబ్దం తగ్గించుకుంటూ వచ్చి ముగించేశారు. టేపులో ఉండాలి. వాడు పాడేవాడు కాదు కదా, వాడి గొంతు ఇంకెక్కడా లేదు.”

“నవ్వేం ఖర్మ అక్కగారూ, నవ్వేముందు పీల్చిన గాలి కూడా వినిపిస్తాను,” అన్నాడు మేస్త్రి.

వేడిలో పెట్టేముందు చుట్టను దీపానికి అడ్డంగా పట్టి చూడాలి. ఈ పనిలో అదే ఓనమాలు. వెలుతురు రాకపోతే కొత్తరకం టేపు, వేడికి బాగుపడుతుంది. వెలుతురొస్తే పాతరకం. దానికి వేడి తగిలితే ఎండుటాకులా ముడుచుకుంటుంది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా సాపు చెయ్యలేడు. మేస్త్రి చూశాడు. అంతా చీకటే. బాగా లోపల, దారమంత వెలుగు గీత ఒకటి కనిపించింది. పొరల మధ్య సందు కాబోలు అనుకున్నాడు. ఆమె చెబుతున్న తమ్ముడి అల్లరికి నవ్వుతూనే పెట్టె తలుపు మూశాడు.

ఇవాళ పొద్దున్న చుట్ట మిషనెక్కింది. పాట తర్వాత పాట కడిగిన ముత్యంలా దిగుతోంది. పెద్దావిడ కుర్చీలో కళ్లు మూసుకుని, వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తోంది. ఆఖరి పాట మొదలయ్యింది. చుట్ట సన్నబడేకొద్దీ లోపలి ఆ వెలుగు గీత పైకి తేలింది. మేస్త్రి వంగి చూశాడు. అది సందు కాదు. చివరి ముక్క వేరే రోజు వాయించి, పాతరకం టేపు మీంచి కోసి అతికించారు. దాని అంచులు అప్పడంలా వంకర తిరిగి ఉన్నాయి.

ఆపుదామా? ఆపితే మాత్రం? మాడిన రొట్టె మళ్ళీ పచ్చిపిండి అవుతుందా?

“ఏంటయ్యా, కొయ్యబారిపోయావ్? ఇంకెంతసేపు?”

“రెండు నిమిషాలండీ.”

“యాభై ఏళ్లు ఆగినదాన్ని. రెండు నిమిషాలు ఓ లెక్కా?”

చెప్పేయాలనుకున్నాడు. ఇంతలో అతుకు రానే వచ్చింది. గిటారు నీళ్లలో మునిగి తేలుతున్నట్టు వంకర్లు పోయి, మూలిగి, సన్నగిల్లింది. మేస్త్రి తల దించుకున్నాడు.

పెద్దావిడ మాత్రం కళ్లు తెరిచి చప్పట్లు కొట్టింది. “అదిగో! మావాడి పనే! పిచ్చి శబ్దాల కోసం తిరిగే టేపుని వేళ్లతో నొక్కిపట్టేవాడు. ఇంజనీరు నెత్తీ నోరూ కొట్టుకునేవాడనుకో!”

“అక్కగారూ, అది...”

“ఉష్! నోరుముయ్యి. ఇప్పుడు నవ్వుతాడు చూడు.” ఆమె చూపుడువేలు పైకెత్తింది.

టేపు పుటుక్కున తెగింది. ముడుచుకున్న ముక్కలు పొట్టులా కిందికి రాలాయి. చుట్ట తిరుగుతూనే ఉంది. తెగిన కొస టపటపా కొట్టుకుంటోంది. ఆమె వేలు దించలేదు. ఆ చప్పుడు వెనక ఎక్కడో ఉంటాడన్నట్టు తల కాస్త పక్కకు వంచి వింటోంది.

మీట నొక్కితే మిషన్ ఆగుతుంది. అది ఆగితే ఆమె తనవైపు తిరుగుతుంది. మేస్త్రి వేలు మీట మీదే ఉండిపోయింది.