ఆల్కహాల్ ఆవిరి

పెళ్లయ్యాక మొదటిసారి మా ఆయన సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతున్నాడు. "నువ్వు కూర్చో. ల్యాబులో పొద్దస్తమానం నిలబడే ఉంటావు," అన్నాడు. పెళ్లయిన కొత్తలోనే అతనూ మా ల్యాబులో చేరాడు, నా పక్క బల్లే. నేను నిలబడి ఉంటానని ఇన్నేళ్లకు కనబడిందన్నమాట. హాల్లోంచి అత్తయ్య, "అదృష్టవంతురాలివమ్మా," అంది. నా మనసు మాత్రం కీడు శంకించింది.

గిన్నె కడుగుతూనే అడిగాడు. "ఇంతకీ నీ స్ఫటికాలకి అయస్కాంతత్వం ఎలా వచ్చింది?"

లోహపు పరమాణువులనూ కర్బన అణువులనూ కలిపి అల్లిన జల్లెడల్లాంటివి అవి. చూడ్డానికి గులాబీ రంగు పొడి. ఎంత చల్లబరిచినా అయస్కాంతానికి పలికేవి కావు. లోపల పట్టి ఉన్న నీటిని వెళ్లగొట్టి చల్లబరిస్తే పలికాయి. పలికాయని మాత్రం ఇంట్లో అతనితో నోరు జారాను; ఎలాగన్నది ల్యాబు మీటింగులోనే చెబుదామని దాచుకున్నాను. ఈమధ్య అతను కాఫీ కలిపి ఇస్తున్నాడు, బట్టలు మడతపెడుతున్నాడు, ప్రతిసారీ మాట అక్కడికే తెస్తున్నాడు. కిందటేడు కూర తరుగుతూ నేను చెప్పిన ఆలోచనే మీటింగులో అతని నోట విని, ఇద్దరికీ ఒకేసారి తట్టిందేమోలే అని సర్దిచెప్పుకున్నాను. ఎన్నిసార్లని సర్దిచెప్పుకోను? అనుమానం పెనుభూతం అంటారు. భూతం నాలో ఉందో, సింకు దగ్గర ఉందో తేల్చుకోవాలనిపించింది.

"ఆల్కహాల్ ఆవిరి పట్టించాను," అన్నాను. అబద్ధం. అది పట్టించి చూశాను గానీ ఏమీ రాలేదు.

మీటింగులో నాకంటే ముందు అతనే లేచాడు. "ఈ స్ఫటికాల మీద నాకో ఊహ ఉంది సార్. ఆల్కహాల్ ఆవిరి పట్టిస్తే అయస్కాంతత్వం రావచ్చు."

"బాగుందయ్యా. ఎలా తట్టింది?" అన్నాడు ప్రొఫెసర్.

"ఎప్పట్నుంచో ఆలోచిస్తున్నా సార్."

నేను లేచాను. "ఆల్కహాల్‌తో రాదు సార్, చేసి చూశాను. నీళ్లు తీసేస్తే వస్తుంది," అని నా కొలతల గ్రాఫు తెరమీద పెట్టాను. ప్రొఫెసర్ దాన్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆయన అన్నాడు. "కట్టుకున్నవాడితో అబద్ధమాడతావా? నలుగురిలో నా పరువు తీశావు."

"ఊహ మీదే అన్నారుగా. అందులోకి నా అబద్ధం ఎలా వచ్చింది?"

ఇక ఇంట్లో నా పని గురించి నోరు విప్పకూడదని, నా బల్ల వేరే గదిలోకి మార్చమని అడగాలని నిశ్చయించుకున్నాను. అంతలోనే, పెళ్లి మాటలకని మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, అందరిలా వంట వచ్చా అనకుండా నా పరిశోధన గురించే గుచ్చి గుచ్చి అడిగాడని మా అమ్మ ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది.