తోడుకొమ్మన్న గొంతు

మూడోసారి కూడా మునిరాజు నోటి నుంచి గాలే వచ్చింది, మాట రాలేదు. బావి గట్టు పట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా మళ్ళీ ప్రయత్నించాడు. గట్టు మీది కాకి తల వాల్చి, శ్రద్ధగా చూసింది.

చింతాద్రిపేటలో దేవరాజులు నాయుడి పెరట్లోని ఆ బావికి పక్కింటి అలివేలు కూడా గోడలోని చిన్న దిడ్డివాకిలి గుండా వస్తుంది. స్వరాజ్యం వచ్చి ఏడెనిమిదేళ్ళయినా వీధి కొళాయి దారంలానే కారుతోంది. అడగకుండా ఇరవై ఏళ్ళు తోడుకుంటే నీళ్ళ మీద వాళ్ళకు హక్కు పుడుతుందనీ, అనుమతి ఇస్తూ పోతే ఎన్నేళ్ళయినా పుట్టదనీ వకీలు నాయుడికి చెప్పాడు. అప్పటి నుంచి మునిరాజు కొలువంతా ఒక్క మాటే. తెల్లవారగానే అలివేలు చేద వేసే ముందు, మేడ మీది నాయుడికి వినపడేలా, "మా అయ్యగారి దయతో తోడుకోండమ్మా!" అనాలి. ఒక్కరోజు తప్పినా కొలువు ఊడుతుంది.

అనుమతి చెవిన పడితేనే కదా అనుమతి అని అలివేలుకు ఆమె మరిది చెప్పాడు. అందుకని మునిరాజు నోరు తెరవగానే ఆమె చేదతో ఇత్తడి బిందెను దడదడా వాయించేది. బిందె ఒళ్ళంతా సొట్టలే. వాయింపు ఆగాక, ఏమీ జరగనట్టు, "కాఫీ తాగినావా అన్నా?" అనడిగేది.

ఈవేళ చేద ఎత్తి పట్టుకుని ఎంతసేపు నిలబడినా వాయించే అవసరమే రాలేదు.

"ఏందన్నా, గమ్మునుండావు?"

మునిరాజు గొంతు చూపించి చెయ్యి తిప్పాడు.

"అయ్యయ్యో! కీచుమని కూడా రాలేదా?" అని ఆమె ఫక్కున నవ్వింది. ఆ వెంటనే అతని లోతుకుపోయిన బుగ్గలు, చిరుగుల పంచె చూసి నవ్వు ఆపేసింది.

పైన కిటికీ కిర్రుమంది. సన్‌షేడు అడ్డం కాబట్టి అక్కడి నుంచి బావి కనపడదు, వినపడుతుందంతే.

"ఒరే మునిరాజూ! ఆడ చెప్పినావా లేదా?"

మునిరాజు కళ్ళు మూసుకున్నాడు. అలివేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బొంగురు గొంతుతో అరిచింది: "మా అయ్యగారి దయతో తోడుకోండమ్మా!"

నియమం తప్పకూడదని వెంటనే బిందె కూడా వాయించింది.

"గొంతేందిరా అట్టుండాది?"

"జలుబు సామీ!" అంది అలివేలు అదే బొంగురు గొంతుతో.

కిటికీ మూసుకుంది. మునిరాజు గట్టు మీద కూలబడి, భుజాలు ఎగిరెగిరిపడేలా చప్పుడు లేకుండా నవ్వాడు. నీ హక్కు నువ్వే పోగొట్టుకున్నావన్నట్టు ఆమెకేసి వేలు ఆడించాడు.

"పోతే పోనీలే. నీకు గొంతొచ్చినాక మళ్ళా కొట్లాడుకుందాం," అంటూ ఆమె మిరియాల కషాయం కాచి తెచ్చింది.

అది తాగి, చేంతాడు ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. చీకటి పడ్డాక వసారాలో నడుం వాల్చాడు. మరి లేవలేదు.

అతన్ని సాగనంపిన మర్నాడు అలివేలు బిందెతో వచ్చింది. పైన కిటికీ తెరుచుకుంది. నాయుడు ఒకసారి దగ్గాడు. తోడుకోమంటాడేమోనని ఆమె చేద పట్టుకుని చూసింది. కిటికీ మూసుకుంది.

చేద వేసి, నీళ్ళు నిండాక లాగబోయింది. చేతులు పడే చోటల్లా చేంతాడుకు పాత పంచె పేలికలు చుట్టి ఉన్నాయి, మెత్తగా, ఒక్క ముడి కూడా అరచేతికి తగలకుండా.